నాలుగు పైపుల బండి

నా చిన్నప్పుడు ట్రాక్టర్ చప్పుడు వినపడితే మా ఊరి పిల్లలందరూ రోడ్డు మీదికి ఉరికేవాళ్లు, నేనొక్కదాన్నే ఇంట్లోకి ఉరికేదాన్ని. వడ్లు పోసే గుమ్మికీ గోడకూ నడుమ పిల్లి మాత్రమే పట్టే సందు ఒకటి ఉండేది. అందులోకి దూరి, రెండు చెవులూ మూసుకుని, ఆ చప్పుడు ఊరు దాటేదాకా కూర్చునేదాన్ని. ఇప్పుడు నన్ను చూసినవాళ్లకు ఈ మాట చెబితే నవ్వుతారు. నా నోటి ధాటి తెలిసిన మా కోడళ్లయితే అసలే నమ్మరు. కానీ ఎనిమిదేళ్ల వయసులో నేను అంతే. రోడ్డు మీద పోయే ప్రతి ఎర్ర ట్రాక్టరూ నాకు ఒకటే ట్రాక్టర్. అది మా నాయనను చంపిన ట్రాక్టర్.

అప్పట్లో పరకాల రోడ్డు పొంటి ఉన్న ఊళ్లలో ట్రాక్టర్లు చాలా తక్కువ. ఉన్నవి కూడా చాలావరకు ఒకే కంపెనీవి, ఒకే ఎరుపు. అందులో రెండు మోడళ్లు ఉండేవి. బయటికి చూస్తే అవి కవలపిల్లలే. అదే ముక్కు, అవే మడ్‌గార్డులు, అదే ఇనుప సీటు. తేడా అంతా ఇంజనులో ఉండేది. ఒకదానికి మూడు సిలిండర్లు, రెండోదానికి నాలుగు. డ్రైవర్లకు, మెకానిక్కులకు తప్ప ఆ సంగతి ఎవరికి పట్టింది? మాకు ఎర్ర ట్రాక్టర్ అంటే ఎర్ర ట్రాక్టరే.

మా నాయన ఎడ్లను అమ్మేసి వరంగల్ నుంచి ట్రాక్టర్ తెచ్చిన రోజు నాకు లీలగా గుర్తుంది. మా అమ్మ హారతి పట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కోడిని కోశారు. మా నాయనమ్మకు ఆ బండి మీద కొడుకు మీద ఉన్నంత మురిపెం. చలికాలం పొద్దున్నే ట్రాక్టర్లు ఓ పట్టాన లేచేవి కావు. దిగుడు మీద ఆపుకుని, నలుగురు చేరి తోసి స్టార్ట్ చేసుకునేవాళ్లు. మా నాయన బండి మాత్రం ఎంత మంచు పట్టినా ఒక్క తాళానికే లేచేది. "నా కొడుకు బండి పిలిస్తే పలుకుతది" అని మా నాయనమ్మ బావి దగ్గర ఆడవాళ్లందరికీ చెప్పుకునేది. వినీ వినీ వాళ్లకు విసుగొచ్చేది, ఆమెకు మాత్రం రాలేదు.

పొలానికి పోయేటప్పుడు మా నాయన నన్ను ఎడమ మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకునేవాడు. ఒకసారి బండి గుంతలో పడితే నేను జారబోయాను. ఆయన ఒక చేత్తో నా జబ్బ దొరకబుచ్చుకున్నాడు. మరునాడు పరకాల పోయి, ఒక ఇనుప కడ్డీని వంపు తిప్పించి, ఆ మడ్‌గార్డు అంచుకు వెల్డింగ్ పెట్టించుకొచ్చాడు. సరిగ్గా నా పిడికిలి పట్టేంత పిడి. పెద్దవాళ్ల చెయ్యి దాంట్లో దూరేది కాదు. "ఇది నీది. దీన్ని పట్టుకున్నంతసేపు పడవు" అన్నాడు. నిజంగానే మళ్లీ ఎప్పుడూ జారలేదు.

చెరువు నిండిన ఏడాది, నాట్లకు ముందు మా మడిలోనే అది జరిగింది. నీళ్లు పెట్టిన మడిని దున్ని బురద చేయడాన్ని మా వైపు కరిగెట దున్నడం అంటారు. వెనక చక్రాలు బురదలో దిగబడ్డాయట. ఎలాగైనా బయటపడాలని మా నాయన గట్టిగా రేజ్ చేస్తే ముందు చక్రాలు పైకి లేచి, బండి మొత్తం వెనక్కి, ఆయన మీదికే తిరగబడింది. పక్క మళ్లలో నారు పీకుతున్న ఆడవాళ్లు ఉరికొచ్చేసరికి కూడా ఇంజను నడుస్తూనే ఉందట. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే నేను విన్న మాట అది. ఆయన ఎలా పోయాడన్నది కాదు, ఆయన పోయిన తర్వాత కూడా అది నడుస్తూనే ఉందన్న మాట నన్ను పట్టుకుంది.

బురదలోంచి తీసిన బండిని మా నాయనమ్మ వాకిట్లోకి రానివ్వలేదు. కర్మకాండలు పూర్తి కాకముందే ఎవరో వచ్చి తోలుకుపోయారు. ఎవరికి అమ్మారో, ఎక్కడికి పోయిందో నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేదేమో. తెలియని చోట ఉన్న దాన్ని ఎక్కడైనా ఊహించుకోవచ్చు.

ఇంతలో పక్కింటి అక్క ఒక మాట అన్నది. ఆమె నోట్లో నువ్వు గింజ నానేది కాదు. పెళ్లీడుకొచ్చిన పిల్ల, చెడ్డది కాదు, చిన్నపిల్లలను బెదరగొట్టి నవ్వుకోవడం ఆమెకు సరదా. "మనిషి రుచి దొరికిన బండి ఊకోదట పిల్లా. ఎంత దూరం అమ్మినా తిరిగి తిరిగి ఆ ఇంటికే వస్తదట" అన్నది. ఆ మాట ఆమె ఆ సాయంత్రానికే మరచిపోయి ఉంటుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచి పూర్తిగా మతి తప్పింది.

బడికి పోవాలంటే పెద్ద రోడ్డు దాటాలి. ఆ రోడ్డు మీద ఇసుక ట్రాక్టర్లు తిరిగేవి. అందుకని బడి మానేశాను. తర్వాత వాకిట్లోకి రావడం మానేశాను. అన్నం పెడితే రెండు ముద్దలు తిని, ఎక్కడో చప్పుడైందని పళ్లెం వదిలేసి గుమ్మి సందులోకి పోయేదాన్ని. మా అమ్మ దిష్టి తీసింది, దర్గాలో తాయెత్తు కట్టించింది. దవాఖానకు తీసుకుపోతే ఒంట్లో రక్తం లేదని సూదులు వేశారు. ఏదీ పనిచేయలేదు. లంగా బొందు ఎంత బిగించినా నడుము మీద ఆగేది కాదు. ఒకరోజు మా నాయనమ్మ మా అమ్మతో మెల్లగా అంటుంటే విన్నాను. "చెట్టసొంటి కొడుకు పాయె. ఈ పిల్ల సుత మన చేతులల్లకెల్లి జారిపోతాంది." నా ముందు ఆమె ఎప్పుడూ ఏడవలేదు. ఏడిస్తే నేను బెదురుతానని గుండె రాయి చేసుకుని తిరిగేది.

ఆ ఏడాది మా పొలం బీడు పడింది. మరుసటి వానకాలానికి నారైతే పోశారు గానీ దున్నడానికి దిక్కు లేదు. ఎడ్లు లేవు, ఊళ్లో ఉన్న ఇంకొక ట్రాక్టర్ రిపేరుకు పోయింది. నారు ముదిరిపోతోంది. మా నాయనమ్మ పరకాల సంతకు పోయేవాళ్లతో కబురు చేసింది, కిరాయికి ఏ బండి దొరికినా పంపమని.

బండి వచ్చిన పొద్దున ఆమె వాకిట్లో చాటతో బియ్యం చెరుగుతోంది. ఊరి బయట చప్పుడు వినపడగానే నేను గుమ్మి వెనక్కి పోయాను. పోతూ పోతూ చూశాను. చాట ఆమె చేతుల్లో ఆగిపోయింది. ఆమె కూడా భయపడుతోందనుకుని నాకు ఇంకా భయం ఎక్కువైంది. తర్వాత చాట కింద పెట్టిన చప్పుడు, ఆమె గబగబా బయటికి నడిచిపోయిన చప్పుడు వినిపించాయి. ఇంకాసేపటికి ఊరి బయటే ఇంజను ఆగిపోయింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆ నిశ్శబ్దం చప్పుడు కంటే పాడుగా ఉండింది. మళ్లీ ఇంజను మొదలైంది. ఈసారి నేరుగా మా ఇంటి ముందుకొచ్చి ఆగింది. మా అమ్మ తల నొస్తోందని లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

మా నాయనమ్మ వచ్చి గుమ్మి పక్కన నేల మీద కూర్చుంది. చెయ్యి పట్టి లాగలేదు, బుజ్జగించలేదు.

"అది మన బండి గాదు బిడ్డా" అన్నది.

"ఎర్రగున్నదా?" అన్నాను లోపలి నుంచి.

"ఎర్రగనే ఉన్నది. ఎర్రగుంటె మనదేనా? మీ నాయిన బండికి నాలుగు పైపులుండె. ఎడమ పక్కకు ఉంటయి, ఇంజన్ల డీజిలు పోయే సన్న పైపులు. రంగు ఎవడన్న ఏసుకుంటడు. పిడి ఎవడన్న కోసుకుంటడు, ఎవడన్న అతికిచ్చుకుంటడు. కడుపుల ఉన్నయి మాత్రం మారయి. నువ్వే వచ్చి లెక్కవెట్టు. నాలుగుంటె నేను సుత నీతోని ఈ సందుల జొరబడ్త."

అంతకుముందు అందరూ భయపడకు, భయపడకు అన్నవాళ్లే. భయపడకు అంటే భయం పోతుందా? లెక్కపెట్టు అన్నది ఆమె ఒక్కతే. నాకు లెక్కలొచ్చు. బడి మానేసేనాటికి ఎక్కాలు కూడా వచ్చు. ఆమె కొంగు పట్టుకుని, ఆమె వెనక దాక్కుని, ఎన్నాళ్లకో వాకిలి దాటాను.

బండి ముక్కు మీద కొత్త రంగు మెరుస్తోంది. ఒక దీపం పగిలి ఉంది. రెండు మడ్‌గార్డుల మీదా గోనె సంచులు మడతపెట్టి తాడుతో కట్టి ఉన్నాయి, ఎండకు ఇనుము కాలుతుందని కట్టారట. డ్రైవరు నెత్తికి తువ్వాల చుట్టుకున్న నడీడు మనిషి. నన్ను చూడలేదు, మా నాయనమ్మను చూడలేదు, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"కొడుకా, జర పక్కకు జరుగు. పిల్ల లెక్కవెడ్తది" అన్నది మా నాయనమ్మ. ఆయన జరిగాడు.

డీజిల్ వాసన గుప్పుమంది. మా నాయన అంగీకి ఉండే వాసన అది. ఎడమ పక్కన వంగి చూశాను. నల్లటి ఇనుప దిమ్మెలోంచి సన్నటి పైపులు వంకర తిరిగి ఇంజను మీదికి పోతున్నాయి. ఒకటి, రెండు, మూడు. నమ్మకం కుదరక వేలు పెట్టి ముట్టుకుంటూ మళ్లీ లెక్కపెట్టాను, వేలు చురుక్కుమంది. అటు పక్కకు పోయి అక్కడ ఏమైనా దాక్కుందేమో చూసొచ్చి మళ్లీ లెక్కపెట్టాను.

"ఎన్ని?" అన్నది మా నాయనమ్మ.

"మూడే."

"మరి?"

"మనది గాదు" అన్నాను. ఆ మాట నా నోటితోనే అనిపించింది ఆమె. అన్న తర్వాత నాకు ఒళ్లంతా తేలికైపోయింది, ఏడుపూ వచ్చింది, వెంటనే ఆకలి కూడా వేసింది. అక్కడే బండి పక్కన నిలబడి రాత్రి మిగిలిన అన్నం మామిడికాయ తొక్కుతో తిన్నాను. మా నాయనమ్మ ముద్దలు చేసి పెడుతుంటే సగం మెతుకులు కింద రాలాయి. ముసలితనం అనుకున్నాను.

తిన్నాక ఆమె ఇంకో మాట అన్నది. "పొలం దాంక దీని మీద పోదామా?" కొడుకు బండి ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా ఎక్కని మనిషి, ఆ రోజు డ్రైవరు చెయ్యి అందిస్తే కుడి మడ్‌గార్డు మీదికెక్కి కూర్చుంది. నన్ను ఎడమ పక్కన గోనె మీద కూర్చోబెట్టారు. బండి కదిలేసరికి నేను చేతులు వెతుక్కున్నాను. గోనె కింద ఏదో గట్టిగా తగిలింది, గోనెతో పాటే దాన్ని బిగించి పట్టుకున్నాను. ఏ పనిముట్టో కట్టి ఉంటారనుకున్నాను. మూడు పైపులు లెక్కపెట్టిన తర్వాత నాకు ఇక ఏ అనుమానమూ లేదు. మా నాయనమ్మ దారి పొడుగునా దారి వైపు చూడలేదు, నా పిడికిలినే చూస్తూ కూర్చుంది. పాపం, ముసలామె భయపడుతోందనుకుని, పెద్దదానిలాగా ధైర్యం చెప్పాను. "గట్టిగ పట్టుకో నాయినమ్మా. పట్టుకున్నంతసేపు పడవు." ఆమె మొహం అటు తిప్పుకుంది.

మడి దగ్గర దిగాం. నన్ను ఒడ్డు మీద కూర్చోబెట్టి, ఆమె చీర పైకి దోపుకుని బురదలోకి దిగింది. మా నాయన పోయిన మూలకు పోయి నిలబడింది. డ్రైవరు దున్నుతూ అటు వచ్చినప్పుడల్లా ఆమె చుట్టూ తిప్పుకుని పోయేవాడు. "అక్కడెందుకు నిలవడ్డవ్?" అని అరిచి అడిగాను. "ఈ జాగ నేను తొక్కుత. దీనికి బండి అక్కెర లేదు" అన్నది. సాయంత్రం దాకా ఆ కొంచెం నేలనూ కాళ్లతోనే తొక్కి బురద చేసింది. నేను ఒడ్డు మీద కూర్చుని, బండి దగ్గరికొచ్చినప్పుడల్లా పైపులు లెక్కపెట్టుకున్నాను. ప్రతిసారీ మూడే ఉన్నాయి.

నడుమ డ్రైవరుకు అన్నం వచ్చింది. మా అమ్మ కోడికూర వండింది గానీ తను రాలేదు, పక్కింటి అక్కతో పంపింది. మా నాయనమ్మ బురద చేతులు కడుక్కుని, దగ్గర కూర్చుని, సొంత కొడుక్కి వడ్డించినట్టు ఆయనకు వడ్డించింది. ఆయన తల ఎత్తలేదు. సగం తిని చెయ్యి కడిగేసుకున్నాడు. అంత మంచి కూర వదిలేశాడేమిటా అని నాకు కోపం వచ్చింది.

ఆ తర్వాత నేను బాగుపడ్డాను. మళ్లీ బడికి పోయాను. ట్రాక్టర్ చప్పుడు వినపడితే గుండె దడదడలాడేది గానీ కాళ్లు గుమ్మి వైపు పోయేవి కావు, రోడ్డు వైపు పోయేవి, పైపులు చూడాలి కదా. మా నాయనమ్మ దాన్ని ఒక ఆట చేసింది. బండి కనపడకముందే "ఏంది పిల్లా అది?" అనేది. మొదట్లో దగ్గరికి పోయి చూస్తే గానీ చెప్పలేకపోయేదాన్ని. పోను పోను చెవులకే తెలిసిపోయింది. మూడు పైపులది కుంటుతున్నట్టు నడుస్తుంది, నాలుగు పైపులది నున్నగా ఒకే తీరుగా పోతుంది. దాని పొగ కూడా తెల్లగా ఉంటుంది. ఊళ్లో ఎవరైనా పాత బండి కొనబోతే నన్ను నవ్వులాటకు పిలిచేవాళ్లు, కొత్త ముక్కు తగిలించిన పాత బండిని నేను పట్టేసేదాన్ని. ఆ ఏడు మేడారం జాతరకు మా నాయనమ్మ నన్ను తీసుకుపోయి, నా ఎత్తు బెల్లం తూకం వేయించి తల్లులకు మొక్కు చెల్లించింది. దారంతా బండ్లే బండ్లు. ఎడ్లబండిలో, ఆ దుమ్ములో కూర్చుని ఇద్దరమూ మూడు, నాలుగు, మూడు అనుకుంటూ పోయాం. నాలుగు పైపులది ఎదురైతే మాత్రం నేను ఆమె చెయ్యి పట్టుకునేదాన్ని. మా నాయనను చంపింది వాటిలో ఒకటి కదా. ఆమె నా చెయ్యి నొక్కేది.

నాకు పెళ్లయి ములుగు వైపు అత్తగారింటికి పోయిన తర్వాత అక్కడ ఒక పాత ట్రాక్టర్ కొన్నారు. చూడగానే వంగి లెక్కపెట్టాను. నాలుగు పైపులు. అది వాకిట్లో ఉన్నన్ని రోజులూ నేను దాని పక్క నుంచి నడవలేదు, చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఎవరికీ కారణం చెప్పలేదు. చలికాలం వచ్చింది. ఒక పొద్దున మా మరిది తాళం తిప్పుతాడు, తిప్పుతాడు, అది దగ్గుతుంది గానీ లేవదు. తోయడానికి మనుషులను పిలుచుకొచ్చారు. నేను ఊరుకోలేక, మా నాయన బండి ఇట్లాంటిదే అయినా ఎంత చలిలోనైనా ఒక్క తాళానికే లేచేదని అన్నాను. మా మరిది నవ్వాడు.

"అయితె అది ఇది గాదు వదినా. నాలుగు సిలిండర్లది చలికి లేవదు, దాని పుట్టుకనే అంత. ఒక్క తాళానికి లేసిందంటె అది మూడు సిలిండర్లదే."

నా చేతిలో పాల చెంబు ఉంది. అది ఎక్కడ పెట్టానో, ఎప్పుడు పెట్టానో తెలియదు. మా నాయనమ్మ బావి దగ్గర చెప్పుకున్న గొప్పలు చెవుల్లో మోగాయి. పిలిస్తే పలుకుతది, పిలిస్తే పలుకుతది. మూడు పైపులది. కొత్త రంగు మెరుస్తున్న ముక్కు, ఊరి బయట ఆగిపోయిన ఇంజను, తలుపు వేసుకున్న మా అమ్మ, తల ఎత్తని డ్రైవరు. నేను దాని మీద కూర్చుని పోయాను. నవ్వుకుంటూ పోయాను. చిన్నప్పటి చప్పుడు మళ్లీ మొదలైంది, ఈసారి దూరడానికి సందు లేదు. నాలుగు రోజులు ఆగి, పుట్టింటికి పోయాను.

మా నాయనమ్మకు అప్పటికి చూపు మందగించింది. ఎండపొడ పడేచోట మంచం వేసుకుని కూర్చుని ఉంది. నాకు ముందు కోపమే వచ్చింది. ఇన్నేళ్లు నన్ను పిచ్చిదాన్ని చేసిందని.

"నాయినమ్మా, నాయిన బండికి ఎన్ని పైపులు?" అన్నాను.

"నాలుగు" అన్నది, తడుముకోకుండా.

"నాలుగు పైపులది చలికి లేవదు."

ఆమె మెల్లగా నవ్వింది. "నేర్పింది నేనే, దొరికింది నేనే" అన్నది.

అప్పుడు చెప్పింది. చాట చేతిలో ఉండగానే చెవులు గుర్తుపట్టాయట. ఏళ్ల తరబడి ప్రతి సాయంత్రమూ కొడుకు కోసం విన్న చప్పుడు ఎట్లా మరచిపోతుంది? ఊరి బయటికి ఉరికి, చేతులు అడ్డం పెట్టి బండి ఆపిందట. అది మనిషిని చంపిన బండి అని డ్రైవరుకు తెలుసు గానీ అది ఈ ఇంటిదని తెలియదు. తెలిశాక తిరిగిపోతానన్నాడట. తిప్పి పంపేద్దామనే ఆమె కూడా మొదట అనుకుంది.

"ఈ బండి పోతె ఇంకో ఎర్ర బండొస్తది. ఎన్నింటినని ఆపుత? నువ్వు ఆ సందుల్నే సచ్చేటట్టుంటివి. డ్రైవరును అడిగిన, మోడల్ మోడలుకు ఏం ఫరక్ ఉంటదని. పైపులన్నడు. దీనికెన్ని అన్న. మూడన్నడు. అయితె మాదానికి నాలుగు అన్న."

ఊళ్లో తెలిసినవాళ్లకు ఆమే ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట, పిల్ల ముందు ఎవరూ నోరు జారొద్దని. మా అమ్మకు తెలుసు. పక్కింటి అక్కకు కూడా తెలుసు. ఆమె నోట్లో ఆ ఒక్క నువ్వు గింజ మాత్రం ఇన్నేళ్లూ నానింది. నా ఒక్కదాని కోసం ఊరంతా నాలుగు అన్నది.

నా కోపం అప్పటికే కారిపోయింది. ఆ రోజు మెతుకులు రాలుస్తూ అన్నం ముద్దలు పెట్టిన చెయ్యి నా ఒళ్లో ఉంది. కొడుకును చంపిన బండి మీద మనవరాలిని కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుని, ఆ మడిలో ఆ మూలన సాయంత్రం దాకా ఒక్కతే నిలబడింది. నా భయాన్ని నా దగ్గర నుంచి తీసుకుని, ఎక్కడా దించకుండా ఇన్నేళ్లు మోసింది. నాకు ఏడుపు ఆగలేదు. దాన్ని వాకిట్లోకే రానివ్వని దానివి, నన్నెట్లా ఎక్కించావు, నీకు భయం కాలేదా అని అడిగాను.

ఆమె నా చెయ్యి తీసుకుని, ఒక్కో వేలూ మడిచి పిడికిలి చేసింది.

"గోనె కింద ఏం పట్టుకున్నవో యాదికున్నదా?" అన్నది. "రంగేసినోడు పిడి కొయ్యలె. అది కనపడొద్దనే ఊరి బయట గోనెలు కట్టించిన. కూసోంగనే నీ చెయ్యి దానంతట అదే పొయ్యి దాన్ని వట్టుకున్నది. పట్టుకున్నంతసేపు పడవన్నడు గద మీ నాయిన. ఇగ నాకేం ఫికర్?"

ఆమె పోయి చాలా ఏళ్లయింది. మా నాయన పోయేనాటికి చంటివాడైన మా తమ్ముడు ఆ పొలం కౌలుకు ఇచ్చాడు. ఇప్పుడు ఏవేవో రంగుల పెద్ద పెద్ద యంత్రాలు దున్నుతున్నాయి గానీ ఆ మూలను ఇప్పటికీ కాళ్లతోనే తొక్కుతారు, మా ఇంటి మాటగా. రోడ్డు మీద పాత ఎర్ర ట్రాక్టర్ కనపడితే ఈ వయసులో కూడా వంగి పైపులు లెక్కపెడతాను. మూడుంటే ఇప్పుడు గుండె ఆగుతుంది, నాలుగుంటే కాదు. ఆగినప్పుడు కుడి చెయ్యి దానంతట అదే ముడుచుకుంటుంది, గోనె గరుకు అరచేతికి తగులుతుంది. ఆ కడ్డీ ఏ పాత ఇనుప కొట్టులో కరిగిపోయిందో. ఉన్నా నా చెయ్యి ఇప్పుడు అందులో దూరదు. ఆ రోజు సరిగ్గా పట్టింది.